ఒక్క పూట చుట్టాలు

జయకర్‌ను ఒకచోట కుదురుగా కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాలేదు. వాళ్ల నాయన ఆనందం శంషాబాద్ పక్క పల్లెలో ఆదివారాలు చర్చి గంట కొట్టేవాడు, మిగతా రోజుల్లో కూలికి పోయేవాడు. ప్రార్థన నడుస్తుండగానే కొడుకు బెంచీల కింద నుంచి పాక్కుంటూ బయటపడి రోడ్డు మీద తేలేవాడు. పెద్దయ్యాక కాటేదాన్‌లో బిస్కెట్ల ఫ్యాక్టరీలో పని దొరికింది. పొద్దస్తమానం ఒకే బెల్టు మీద ఒకే బిస్కెట్ పోతుంటే చూడలేక మానేశాడు. తర్వాత విమానాశ్రయం గోదాములో సరుకు మోశాడు. ఆ పెట్టెలన్నీ ఎక్కడెక్కడికో పోతాయి కాబట్టి ఆ పని కొంత నచ్చింది గాని, నడుము పట్టేసి అదీ వదిలేయాల్సి వచ్చింది. చివరికి ఒక పాత కారు కొని టాక్సీ తిప్పడం మొదలుపెట్టాడు. తిరిగే పని గనుక ఇది తనకోసమే పుట్టిందని అనుకున్నాడు. అందులో తిరగడం కన్నా ఆగి ఉండడమే ఎక్కువని నెలలోపే తెలిసివచ్చింది. విమానాశ్రయం దగ్గర టాక్సీలు ఆపుకునే పెద్ద మైదానంలో తోటి డ్రైవర్లు సీటు వాల్చుకుని నిద్రపోతుంటే, జయకర్ మాత్రం కారు చుట్టూ తిరుగుతూ తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచేవాడు.

అతని భార్య క్యాథరిన్ మైలార్‌దేవ్‌పల్లిలో ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పేది. వాళ్లు ఉండేది కూడా అక్కడే, కిరాయి ఇంట్లో. ఆమె పుట్టిల్లు ఎర్రగుంటపల్లి విమానాశ్రయానికి అరగంట దూరం. అక్కడ ఆమె తల్లి సీతమ్మ ఒక్కతే ఉండేది. భర్త పోయి చాలా ఏళ్లయింది. నాట్లకు, కలుపుకు, ఏ పనికి పిలిస్తే ఆ పనికి పోయి బతికిన మనిషి.

ఒక చలికాలం పొద్దున ఒక ముసలి జంట జయకర్ కారెక్కారు. కొచ్చి నుంచి వచ్చి గువాహటి పోయే విమానం పట్టుకోవాలి. ఆ విమానం సాయంత్రం గాని లేదట. ఊళ్లోకి పోతే ట్రాఫిక్‌లో చిక్కుకుంటామని భయం, విమానాశ్రయం లోపలే కూర్చుంటే పెద్దాయనకు కాళ్లు వాస్తాయని ఇంకో భయం. దగ్గర్లో ఎక్కడైనా నిమ్మళంగా ఉండే చోటికి తీసుకుపొమ్మని వచ్చీరాని హిందీలో అడిగారు. జయకర్ కొద్దిసేపు ఆలోచించి, ఏమీ తోచక, అత్తగారి ఊరి తోవ పట్టాడు.

ఊరి వెనక పెద్ద పెద్ద రాతిగుండ్ల మధ్య ఒక కుంట ఉంది. గుండ్లకుంట అంటారు. వానలు బాగా పడిన ఏడాది కావడంతో నీళ్లు నిండుగా ఉన్నాయి. గుండ్ల మీద నాలుగు నెమళ్లు ఎండకు కూర్చున్నాయి. పెద్దాయన చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె పక్కనే కూర్చుంది. మధ్యలో ఒక విమానం చక్రాలు దించుకుని తల మీదుగా పోయింది. అయినా వాళ్లు తలెత్తి చూడలేదు. వాళ్లను చూస్తూ జయకర్ కూడా ఒక రాయి మీద కూర్చుండిపోయాడు. ఆ కుంట దగ్గరికి తాను ఎన్నోసార్లు వచ్చాడు గాని, కూర్చున్నది లేదు.

మధ్యాహ్నానికి సీతమ్మ జొన్నరొట్టెలు కొట్టి, పచ్చిపులుసు చేసి పెట్టింది. ముసలామె పొయ్యి దగ్గరే పీట వేసుకుని కూర్చుని, రొట్టె ఎట్లా తడతారో నేర్పమని పట్టుపట్టింది. చేతిలోనే విరిగిపోతే నవ్వింది, సీతమ్మ కూడా నవ్వింది. ఒకరి భాష ఇంకొకరికి రాదు. పోయేటప్పుడు ఆమె సీతమ్మ రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అట్లా మొదలైంది. ఆ జంట ఎవరికో చెప్పారు, వాళ్లు ఇంకెవరికో చెప్పారు. విమానం మారడానికి దిగి, నడుమ ఒక పూట ఖాళీగా ఉన్నవాళ్లు జయకర్‌కు ముందుగానే ఫోన్ చేసేవారు. అతను కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాడు. రోజుకు ఒక్క కారే. అది కూడా ఊరి బయటి కల్వర్టు దగ్గర ఆపాలి, అక్కడి నుంచి కుంట దాకా నడవాలి. కుంట దగ్గర తింటే విస్తరి అక్కడ పారేయకుండా సీతమ్మ ఇంటికే తేవాలి. గొర్లు కాసే పెంటయ్య మొదట మొహం ముడుచుకున్నాడు గాని, వచ్చినవాళ్లు గొర్రెపిల్లలను ఎత్తుకుని మురిసిపోతుంటే మెత్తబడ్డాడు. సీతమ్మ నడకే మారిపోయింది. ఎప్పుడూ చర్చిలో వెనక గోడకు ఆనుకుని కూర్చునే మనిషి ముందు వరసలో కూర్చోవడం మొదలుపెట్టింది. కూలికి పిలవడానికి వచ్చినవాళ్లతో, “ఇయ్యాల తీరదక్కా, నాకు చుట్టాలున్నరు” అని చెప్పడం ఆమెకు పండగలా ఉండేది.

అంతటితో ఉంటే బాగానే ఉండేది. జయకర్ ఉండనివ్వలేదు. మరుసటి చలికాలంలో బెంగళూరు పోయే ఒక అమ్మాయి వచ్చింది. ఆమె ఊళ్లు తిరుగుతూ వీడియోలు పెడుతుందట. కుంటను తీయనా అని అడిగితే, “మంచిగ తీయమ్మా, నలుగురికి తెలుస్తది” అని దగ్గరుండి గుండు ఎక్కించాడు. నెమళ్లు ఎప్పుడొస్తాయో చెప్పాడు, తోవ చెప్పాడు. చివర్లో తాను కూడా కెమెరా ముందు నిలబడి చెయ్యి ఊపాడు.

వారం తిరగకముందే అతని ఫోన్ మోగడం మొదలైంది. మొదట సంబరపడ్డాడు. ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి, ఎందుకంటే తోవ తెలిశాక అతన్ని అడగాల్సిన పని ఎవరికీ లేకపోయింది. ఆదివారం ప్రార్థన అయ్యాక అత్తను చూద్దామని పోతే కల్వర్టు మీదే కారు ఇరుక్కుపోయింది. ముందంతా కార్లు, బైకులు. పొలం గట్లు తొక్కుకుంటూ కుంట ఒడ్డు దాకా పోయాయి. ఒక గుండు మీద పెళ్లి కాబోయే జంట రంగుల పొగ వదిలే డబ్బాలు వెలిగించి ఫొటోలు దిగుతోంది. ఇంకో గుండు మీద ఎవరిదో పుట్టినరోజు. కేకు ముక్కలు, ప్లాస్టిక్ గ్లాసులు, సీసాలు. గాలిలో డ్రోన్ ఒకటి గుయ్యిమంటోంది. నెమళ్లు ఎటు పోయాయో ఎవరూ పట్టించుకోలేదు. బట్టలు ఉతకడానికి వచ్చే ఆడవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని దూరంగా నిలబడి, కాసేపు చూసి, వెనక్కి తిరిగి పోయారు.

జయకర్ ఒక్కొక్కరి దగ్గరికి పోయి కారు వెనక్కి తీయండని బతిమాలాడు. నీ జాగానా అని ఒకడు అడిగాడు. ఆ వారమంతా టాక్సీ మైదానంలో నిలబడితే కాళ్లు నిలవలేదు. మధ్యాహ్నం కిరాయిలు వదులుకుని ఊరికి పోయేవాడు, సీసాలు ఏరేవాడు, మళ్లీ వచ్చేవాడు. మరునాడు పోతే ఇంకా ఎక్కువ ఉండేవి.

అంతలో మల్లేశ్వర్ వచ్చాడు. శంషాబాద్‌లో ప్లాట్లు అమ్మే మనిషి. మాట మెత్తన, ఎవరినైనా అన్నా అనే పిలుస్తాడు. కుంట పక్కన బీడు భూమి కౌలుకు తీసుకుని డేరాలు వేశాడు, వెదురు కమాను కట్టి దాని మీద “ప్రకృతి ఒడి” అని రాయించాడు. ఊళ్లోని కుర్రాళ్లకు పని ఇచ్చాడు. సీతమ్మ రొట్టెలకు రోజువారీ బేరం కుదిర్చాడు. శనివారం సాయంత్రాల్లో అక్కడ పెట్టే పాటలకు ఊళ్లో ఇళ్ల తలుపులు అదిరేవి. డేరాల వాళ్ల స్నానాలకు మోటారు పెట్టి కుంట నీళ్లు తోడారు. వాడిన నీళ్లు నురగతో మళ్లీ కుంటలోకే వచ్చాయి. పద్ధతి లేకుండా వచ్చేవాళ్లను మల్లేశ్వర్ అదుపులో పెడతాడన్న ఆశతో జయకర్ కూడా కొన్నాళ్లు అతని అతిథులను తెచ్చాడు. నెల తర్వాత మానేశాడు.

ఎండలు ముదరకముందే పెంటయ్య గొర్రె ఒకటి కడుపు ఉబ్బి చచ్చిపోయింది. కోసి చూస్తే లోపల కేకు డబ్బాలకు చుట్టే పల్చటి కవర్లు ఉండలు కట్టి ఉన్నాయి. ఇంకో రెండింటి గిట్టల్లో గాజు పెంకులు దిగాయి. జయకర్ ఈ సంగతి విని పరుగున పోయేసరికి పెంటయ్య మంద తోలుకుని బయల్దేరుతున్నాడు. గొంగడి భుజాన వేసుకున్నాడు, సద్దిమూట కర్రకు కట్టుకున్నాడు. చేవెళ్ల దిక్కు పోతానన్నాడు.

“ఎన్ని రోజులు మామా?” అని అడిగాడు జయకర్.

“ఎవలకెరుక అల్లుడా. నువ్వు గాళ్లకు తోవ జూపినవ్. గా తోవ ఎట్ల మూస్తవో జూడు, మూసినంక కబురు పెట్టు, వస్త.”

కోపంగా అనలేదు. దాహం వేస్తే నీళ్లు అడిగినట్టు అన్నాడు. ఆ గొర్ల వెంట జయకర్ చాలా దూరం నడిచాడు. తిడితే బాగుండునని అనిపించింది. పెంటయ్య మళ్లీ ఆ మాటే ఎత్తలేదు, దారిలో ఎక్కడ నీళ్లుంటాయో ఎక్కడ ఉండవో చెప్పుకుంటూ పోయాడు.

ఆ తర్వాత ఈస్టర్ వచ్చింది. ఆ ఊరి క్రైస్తవులు ఈస్టర్ నాడు తెల్లవారకముందే గుండ్ల వెనక ఉన్న సమాధుల తోటకు పోతారు. పోయినవాళ్ల సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పాడతారు. సూర్యుడు గుండు అంచు దాటేసరికి ఆఖరి పాట అవుతుంది. జయకర్, క్యాథరిన్ కూడా ముందురోజే వచ్చి ఉన్నారు. మామగారి సమాధికి సున్నం జయకరే కొట్టాడు.

రెండో పాటలో ఉండగా డేరాల నుంచి పదీ పదిహేను మంది కంబళ్లు కప్పుకుని వచ్చారు. మొదట దూరంగానే నిలబడ్డారు. వెలుతురు పెరిగేకొద్దీ దగ్గరికి జరిగారు. ఒకడు సమాధి మీద కాలు మోపి ఫోన్ ఎత్తాడు. ఎక్కడి నుంచో డ్రోన్ వచ్చి తల మీద నిలిచింది. దాని గాలికి కొవ్వొత్తులు కొన్ని ఆరిపోయాయి. పాస్టర్‌గారు కళ్లు తెరిచి ఒకసారి పైకి చూసి, మళ్లీ మూసుకున్నారు. పాట సన్నగిల్లింది. అప్పుడు కెమెరా పట్టుకున్న ఒక అమ్మాయి సీతమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, కొవ్వొత్తిని కొంచెం మొహానికి దగ్గరగా పెట్టుకోమని, ఇంకోసారి పాడమని సైగ చేసింది. మర్యాదగానే అడిగింది.

సీతమ్మ పెట్టుకుంది. పాడింది కూడా. ఆ అమ్మాయి తల ఊపేదాకా మొహం అట్లాగే ఉంచింది.

జయకర్ అక్కడ నిలబడలేకపోయాడు. ఇంటికి వచ్చి వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. సీతమ్మ తిరిగి రాగానే, మామ సమాధి దగ్గర ఆ వేషమేంటని అడిగేశాడు. క్యాథరిన్ వద్దని చెయ్యి పట్టుకున్నా ఆగలేదు. సీతమ్మ చేతిలోని పూల బుట్ట కింద పెట్టి నిదానంగా చెప్పింది.

“ఈళ్లను తోలుకొచ్చింది నువ్వు బిడ్డా. నా ఇల్లు జూపెట్టినవ్, నా పొయ్యి జూపెట్టినవ్. పొయ్యికాడ కూసుంటే బాగుందన్నవ్. సమాధికాడ కూసుంటే తప్పంటవా? యాడ తప్పు మొదలైందో నాకు దెల్వదు. నువ్వే చెప్పు.”

జయకర్ తిరగడం ఆపాడు.

“ఇన్నేండ్లు నన్ను ఓ సీతమ్మా అని పిలిచినోల్లు లేరు. పనికి రమ్మని పిలిచిండ్రు గంతే. ఈళ్లు నా పేరు అడిగిండ్రు. మల్ల కూలికి పొమ్మంటవా?” అంది. తర్వాత లోపలికి పోయి, అందరికీ చాయ్ పెట్టింది. పెడుతూ ఏడ్చిందని క్యాథరిన్ తర్వాత చెప్పింది.

జయకర్‌కు ఆ వారం ఎట్లా గడిచిందో తెలియదు. కిరాయి ఎక్కిన మనిషిని బుద్వేల్‌లో దింపాల్సింది పోనిచ్చి, పోనిచ్చి, ఆరాంఘర్ దాకా పోయి తిట్లు తిన్నాడు. చివరికి మల్లేశ్వర్ దగ్గరికి పోయాడు. మల్లేశ్వర్ కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు, చెప్పిందంతా విన్నాడు. సమాధుల దగ్గర జరిగింది తప్పేనని ఒప్పుకున్నాడు. డేరాలు ఎత్తేయమంటే మాత్రం నవ్వాడు. తాను ఎత్తేస్తే ఇంకొకడు వస్తాడని, వాడు తనకన్నా మంచివాడు ఎందుకవుతాడని అడిగాడు. అందులో నిజముందని జయకర్‌కూ తెలుసు. చాయ్ తాగకుండానే లేచి వచ్చాడు.

ఇక మిగిలింది ఊరే. సర్పంచ్‌ను పట్టుకుని, రోజుకొకసారి తిరిగి తిరిగి, ఒక ఆదివారం సాయంత్రం బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టేలా చేశాడు. డేరాల్లో పనిచేసే కుర్రాళ్లు గోడకు ఆనుకుని గుంపుగా నిలబడ్డారు. జయకర్ లేచి, కుంట మూసేయాలని, బయటివాళ్లెవరూ రాకూడదని మొదలుపెట్టాడు. మాట పూర్తికాకముందే గోల లేచింది. నీ కారు తిరిగినన్నాళ్లు మంచిగుండె, ఇప్పుడు మా నోటికాడి బువ్వ గుంజుతవా అని ఒక కుర్రాడు నిలదీశాడు. ఊరి అల్లుడికి ఊరి పంచాయతీలో పనేంటని ఇంకొకరు అన్నారు. అతను వెళ్లిపోదామని చెప్పులు వెతుక్కుంటుంటే సీతమ్మ ఆడవాళ్ల మధ్య నుంచి లేచింది.

ఆమె సభలో మాట్లాడడం అదే మొదలు. కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడింది.

“మా అల్లుడు మూయమంటడు. నేను మూయమనను. వచ్చేటోల్లు నడిచి రాని. కల్వర్టు కాడ బండ్లు ఆపాలె. నడిచొచ్చేటోడు సీసాల పెట్టె మోసుకొని రాడు. మోటారు తీయాలె, పాటలు బందు పెట్టాలె. సమాధుల దిక్కు ఎవ్వలు రావద్దు. గిట్లుంటే నాకు రెండు రొట్టెలు తక్కువ పోతయ్, పోనియ్.”

అంతసేపు నోరు తెరవని ఆడవాళ్లు ఒక్కొక్కరే అందుకున్నారు. బట్టలుతకడానికి జాగా లేదని ఒకరు, పొద్దున బయటికి పోవాలన్నా ఫోన్లు పట్టుకుని ఎవడో ఒకడు ఎదురవుతున్నాడని ఇంకొకరు. చాలా వాదన జరిగింది. కుర్రాళ్లు పూర్తిగా ఒప్పుకోలేదు. అయినా సర్పంచ్ కల్వర్టు సంగతి తీర్మానం చేయించాడు.

మరునాడు పొద్దున్నే గునపాలు, తాళ్లు పట్టుకుని కొందరు కల్వర్టు దగ్గర చేరారు. జయకర్ నడుము నొప్పి మరిచి తోవకు అడ్డంగా గుండ్లు దొర్లించాడు. ట్రాక్టరు పోవడానికి ఒక పక్క ఇనుప గొలుసు పెట్టి, తాళం చెవి సీతమ్మ దగ్గర ఉంచారు. నిన్న అతన్ని నిలదీసిన కుర్రాడు దూరంగా బండి మీద కూర్చుని చూశాడు. మధ్యాహ్నమయ్యాక దిగి వచ్చి, ఏమీ అనకుండా తాడు ఒక కొస పట్టుకున్నాడు.

దాంతో అంతా చక్కబడిందని చెప్పడానికి లేదు. నడవాలనేసరికి జనం సగానికి పైగా తగ్గారు. వచ్చినవాళ్లలో కొందరు గొలుసు దగ్గర గొడవపడ్డారు, కొందరు పొలాల్లోంచి బైకులు దూర్చారు. మోటారు తీసేశారు గాని, శనివారాలు ఇంకా అప్పుడప్పుడు పాటలు వినిపించేవి. పనిపోయిన ఇద్దరు కుర్రాళ్లు జయకర్ ఎదురుపడితే మొహం తిప్పుకునేవారు. వానలు పడి కుంటకు కొత్తనీళ్లు వచ్చాక అతను పెంటయ్యకు కబురు పెట్టాడు. పెంటయ్య వచ్చి, మంద లేకుండా ఒక్కడే ఒడ్డంతా తిరిగి చూసి, మట్టిని కాలితో గెలికి, లోపల గాజు ఇంకా ఉందన్నాడు. గొర్లను ఇంకొక వానాకాలం దాకా తీసుకురానని చెప్పి, సీతమ్మ ఇంట్లో అన్నం తిని వెళ్లిపోయాడు. సీతమ్మ మాత్రం వారానికి రెండు రోజులు, ముందుగా చెప్పి వచ్చే కొద్దిమందికి వండి పెడుతూనే ఉంది. వాళ్లను ఇప్పుడు జయకర్ తేవడం లేదు, ఆమె ఫోన్‌లో తానే మాట్లాడుకుంటుంది. అతను విమానాశ్రయం సిబ్బందిని చేరవేసే బస్సు నడపడానికి ఒప్పుకున్నాడు. ఖాళీ దొరికిన పొద్దు గోనెసంచి పట్టుకుని కుంటకు పోతాడు.

దసరా ముందు మల్లేశ్వర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎర్రగుంటపల్లిలో డేరాలు ఎత్తేస్తున్నానని, గిట్టుబాటు కావడం లేదని చెప్పాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

“నీ కన్ను మంచిదన్నా. ఇసొంటిదే ఇంకో జాగా ఏమన్న ఎరుకనా? ఈసారి పద్ధతిగ చేద్దాం, నువ్వు జెప్పినట్టే.”

జయకర్‌కు ఎరుకే. నాయన బతికున్నప్పుడు ఆయన చిన్నమ్మ ఊరికి పోతే చూశాడు. సీతాఫలం చెట్ల మధ్య ఇంతకన్నా చిన్న కుంట, ఒడ్డున కొంగలు. నిజంగా పద్ధతిగా చేస్తే ఎట్లా ఉంటుందోనని, రోజుకు ఎందరిని రానివ్వాలో, కార్లు ఎక్కడ ఆపాలో అని ఆ కాసేపట్లోనే అతని మనసు లెక్కలు వేసేసింది. ఆ సంగతి గ్రహించి అతనికే భయమేసింది. నాకు దెల్వదన్నా అని ఫోన్ పెట్టేశాడు.

ఇంటికి పోయి క్యాథరిన్‌కు చెప్పాడు. బట్టలు మడతపెడుతున్న ఆమె చేయి ఆపి, నిజంగానే తెలియదా అని అడిగింది. తెలుసన్నాడు. “ఏ ఊరు?” అంది.

అతను కిటికీ దగ్గరికి పోయాడు, అక్కడి నుంచి తలుపు దగ్గరికి వచ్చాడు, చెప్పులు వేసుకున్నాడు, మళ్లీ విప్పాడు.

“యాడనో ఉన్నది తీ” అన్నాడు.

“నాక్కూడ చెప్పవా?”

చెప్పలేదు. ఆమె కొంచెంసేపు అతని వైపు చూసి, చొక్కా దులిపి మడతపెట్టింది.